హిమవంతుడి వాటా

ఆకాశంలో మీ వాటా ఎంత? ఎప్పుడైనా, ఎవరినైనా అడిగారా? అడిగి ఉండరు. పక్కింటివాడు గోడ జానెడు జరిపితే కోర్టుకెక్కే మనం, నెత్తిమీదున్న ఉమ్మడి ఆస్తిని ఎవరెంత ఆక్రమించారో తెలుసుకోవడానికి ఒక్కసారైనా మెడ ఎత్తి చూడం. నేను చెప్పబోయే మనిషి ఎత్తి చూశాడు. న్యాయం కోసం కాదు, ఇంకా ఖాళీ ఎక్కడుందా అని చూశాడన్నది వేరే సంగతి.

ఆయన మా అమ్మకు తమ్ముడు, నాకు మావయ్య. ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేస్తాడు. ఊళ్ళో అందరూ హిమవంతుడంటారు. ఆ పేరు ఎవరు పెట్టారంటే "జనం" అంటాడు. అత్తయ్యనడిగితే, "ఆ జనాన్ని ఒకసారి ఇంటికి తీసుకురమ్మను, నేనూ చూస్తాను" అంటుంది.

చిన్నప్పుడు మావయ్య పెరిగింది రేకుల గదిలో. మధ్యాహ్నమైతే గోడకు ఆనిన వీపు కమిలేదట. ఇస్త్రీ బట్టలు ఇచ్చి రమ్మని పంపిన ఓ పెద్దింట్లో, తలుపు తెరిచి ఉన్న ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి, ఇంటావిడ కేకలు వేసేదాకా తియ్యలేదట. "ఆ రోజు పెట్టిన చెయ్యి ఇంకా తియ్యలేదమ్మాయ్" అని ఇప్పటికీ గొప్పగా చెబుతాడు. నిజమే. చల్లదనం ఎవరికుందో, ఎవరికి లేదో అంత చిన్న వయసులోనే ఒంటికి తెలిసిన మనిషి పెద్దయ్యాక రెండు దారుల్లో ఏదో ఒకటి పడతాడు: లేనివాళ్ళకు చేరవేస్తాడు, లేదా ఉన్నవాళ్ళ పక్కన చేరతాడు. మావయ్య తెలివైనవాడు, రెండూ చేస్తున్నానని చెప్పుకుంటూ రెండోది చేశాడు.

ఆయన దుకాణం బస్సుల డిపోకు ఎదురుగా ఉంటుంది. తలుపు దగ్గర కడుపులు కోసిన కంప్రెసర్లు వరసగా కూర్చుని ఉంటాయి. గోడకు రాగి గొట్టాలు చుట్టలు చుట్టి వేలాడుతుంటాయి. మావయ్య జబ్బుపడ్డ ఏసీకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా కాసేపు నిలబడి రోగం చెబుతాడు. రోగం అది కాదని తేలితే తప్పు కరెంటు వాళ్ళది. ఊరి మెకానిక్‌ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఎన్నిక జరిగిన దాఖలాలు లేవు, దిగమన్నవాళ్ళూ లేరు.

ఇక కథలోకి వెళ్ళేముందు ఒక్క ముక్క. ఈ యంత్రాల కడుపులో ఒక వాయువు తిరుగుతుంటుంది. లోపల ఉన్నంతసేపు గదిని చల్లబరుస్తుంది; బయటపడిందా, పైకి పోయి భూమికి దుప్పటి కప్పుతుంది. దీన్ని ఏటేటా తగ్గించుకుంటూ పోవాలని దేశాలన్నీ కూర్చుని ఒప్పుకున్నాయి. అంతవరకూ బాగానే ఉంది. ఎవరికెంత అన్న దగ్గర గొంతులు లేచాయి. చివరికి కుదిరిన సూత్రం ఇది: ఒక మూడేళ్ళలో ఏ దేశం ఎంత వాడుతుందో చూసి, దానిమీద ఆ దేశానికి వాటా కడతారు. ఎక్కువ తిన్నవాడికి ఎక్కువ, పస్తున్నవాడికి పస్తు. నేనప్పుడు న్యాయశాస్త్రం చదువుతున్నాను. చట్టంలో ఆక్రమణదారుకు కూడా ఏళ్ళు గడిస్తే హక్కు పుడుతుంది, కాదనను. కానీ, "ఫలానా తేదీన కొలతలకు వస్తున్నాం, ఈలోగా ఇంకాస్త ఆక్రమించుకోండి" అని అతనికి ముందుగా కబురు పంపే చట్టం మాత్రం నాకే పుస్తకంలోనూ కనబడలేదు.

ఆ కబురు మా ఊరికి పర్యావరణ శాఖ అధికారి రూపంలో వచ్చింది. టైర్ల కొట్టు పైన ఉన్న సంఘం గదిలో, విరిగిన కుర్చీల్లో విరగని దాన్ని ఏరి ఆయన్ని కూర్చోబెట్టారు.

"చూడండి, నేనేమీ చెప్పట్లేదు" అన్నాడు అధికారి.

"చెప్పండి సార్" అన్నాడు మావయ్య.

"చెప్పట్లేదనే చెప్తున్నాను. ఈ మూడేళ్ళూ దేశం ఎంత వాడితే, రేపు దేశానికి అంత వాటా వస్తుంది. అంతే. ఇది కూడా నేను చెప్పలేదు."

"అంటే సార్, తక్కువ వాడినవాడు దేశద్రోహి అన్నమాట."

"ఆ మాట మీరన్నారు. నేను టీ తాగుతున్నాను."

మర్నాడే ఉద్యమం మొదలైంది. 'ఉచిత శీతల సేవ' అని బట్టమీద రాయించి దుకాణానికి కట్టారు. మెకానిక్‌లు సిలిండర్లు భుజాన వేసుకుని ఇంటింటికీ వెళ్ళి, నిక్షేపంలా పనిచేస్తున్న ఫ్రిజ్‌ల్లోంచి ఉన్న గ్యాసు వదిలేసి కొత్త గ్యాసు పట్టించారు. వీధులన్నీ బుస్సుమన్నాయి. ఆ ఖర్చంతా గ్యాసు డీలర్ల ద్వారా ఎక్కడినుంచి వచ్చిందో అడక్కండి. అధికారి దాని గురించి కూడా ఏమీ చెప్పలేదు.

ఉద్యమం చివరికి మావయ్య వంటింట్లోకే వచ్చింది.

"మన ఫ్రిజ్ బాగానే ఉందిగా?" అంది అత్తయ్య.

"బాగున్నదాన్నే బాగుచెయ్యాలోయ్. దేశసేవంటే అదే."

"అయితే నా కాలు కూడా బాగానే ఉంది. విరగ్గొట్టి కట్టు కడతారా, దేశానికి ఉపయోగం?"

నేను ఊరుకోలేకపోయాను. "మావయ్యా, నువ్వు వదిలేస్తున్న ఆ గాలి ఎక్కడికి పోతోంది?"

"పైకి."

"ఆ పైనంతా ఎవరిది?"

"అందరిదీనూ." గొట్టం బిగిస్తూ నవ్వాడు. "అందుకే కదా అమ్మాయ్, ఎవడూ అడగడు."

అంతర్జాతీయ న్యాయం మీద నేను రెండేళ్ళు విన్న పాఠాల సారమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. దాన్ని మావయ్య సిగ్గుతో చెప్పలేదన్నదే నా ఫిర్యాదు.

మూడేళ్ళూ గడిచాయి. దేశానికి బొద్దుగా వాటా వచ్చింది. వచ్చినదాన్ని ఇంకా తగ్గించకుండా కాపాడుకోవడానికి దేశాల సభ ఒకటి జరిగితే, మన దేశం తరఫున వెళ్ళే బృందానికి ఒక కార్మికుడి మొహం కావాల్సొచ్చింది. దేశసేవలో అరిగిపోయిన మొహం ఎక్కడుందా అని వెతికి మావయ్యను ఎంచారు. నేనప్పటికి చదువు పూర్తిచేసి, అదే బృందంలో పెద్దల వెనక కాగితాలు మోసే ఉద్యోగంలో చేరాను. అందుకే ఆ వైభవం కళ్ళారా చూడగలిగాను.

భూమి వేడెక్కిపోతోందని వాదించడానికి కూర్చున్నవాళ్ళంతా కోట్ల మీద శాలువాలు కప్పుకుని వణుకుతున్నారు, హాలు అంత చల్లగా ఉంది. మావయ్య చెవి రిక్కించాడు. "అమ్మాయ్, ఇక్కడ గ్యాసు లీకవుతోంది. వినిపిస్తోందా బుస్సు?" నేను వద్దంటున్నా లేచి, గోడవెంట చెవి పెట్టుకుంటూ వెళ్ళి, రెండు దేశాల మంత్రులను పక్కకు జరిపి, తెర ఎత్తి చూశాడు. అక్కడ కాఫీ యంత్రం ఉంది. ఒక కప్పు పట్టుకుని తిరిగొచ్చి, "ఇంత శబ్దం చెయ్యకూడదు కాఫీ" అన్నాడు.

మాట్లాడే అవకాశం మాత్రం వృథా చెయ్యలేదు. "అయ్యా, మీరు మా తాతల నాటినుంచి చల్లగా కూర్చున్నారు. మేం నిన్నగాక మొన్న కూర్చున్నాం. ఇప్పుడొచ్చి, ఇప్పటిదాకా ఎవరెంత చల్లగా కూర్చున్నారో అంతే ఇకమీదటా కూర్చోండి అంటే ఏం న్యాయం? ముందు తిన్నవాడికి ఆకలెక్కువని లెక్కా? మనిషిని చూసి పంచండి. పాత ఎంగిలి చూసి పంచకండి!"

హాలు దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది అందరికన్నా ఎక్కువ తిన్న దేశాలవాళ్ళే. చప్పట్లకు కోటా లేదు కదా. తర్వాత సముద్రం మధ్యనున్న ఓ చిన్న దేశం ప్రతినిధి లేచింది. "ఆ మూడేళ్ళలో మా దేశం వాడింది దాదాపు శూన్యం. కాబట్టి మా వాటా శూన్యమంటున్నారు. మా ఆసుపత్రులు ఏం చేయాలి?" అని అడిగింది. అధ్యక్షులవారు ఆమె విలువైన అభిప్రాయానికి కృతజ్ఞతలు తెలిపి, ఎవరికైనా మిగిలితే చూద్దామన్నారు. మా బృందంతోనే వచ్చిన పర్యావరణ శాఖ అధికారి కాగితాలు సర్దుకున్నాడు. ఆమె వైపు చూస్తే, మా బొద్దు వాటాలో ఎంత గాలి ఊదామో ఆమె అడుగుతుందేమోనని భయం. మావయ్య చూడలేదు, తన ప్రసంగం ఎవరైనా ఫొటో తీశారా అని వెతుకుతున్నాడు.

తీశారు. నేను ఆ ఉద్యోగం వదిలి ఊళ్ళోనే లాయరుగా కుదురుకున్నాను. ఆ ఫొటో దుకాణంలో వేలాడుతున్న రోజుల్లోనే, దేశాలు ఒప్పుకున్న కోత మొదలైంది. ఊరికి రావాల్సిన గ్యాసు సగానికి పడిపోయింది. కొట్లాటలు పడలేక డీలరు చేతులెత్తేశాడు: "వచ్చింది మొత్తం సంఘానికి అప్పజెప్తా. మీరూ మీరూ పంచుకోండి." అలా హిమవంతుడి చేతికి వడ్డించే గరిటె వచ్చింది.

ఇక్కడ స్పానరమ్మ గురించి చెప్పాలి. మావయ్య దుకాణంలో పని నేర్చుకుని, ఊరి చివర గుట్టమీద సొంతంగా చిన్న దుకాణం పెట్టుకున్న మనిషి. జడలో పెన్సిలూ, కొంగులో స్పానరూ ఉంటాయి. గుట్టకు కరెంటు వచ్చిందే ఆ మూడేళ్ళ లెక్క ముగిశాక. అందుకని అక్కడ అంతకుముందు ఎవరూ ఏమీ వాడలేదు. వాడడానికి ఏమీ లేదు. ఇప్పుడు నాలుగైదు ఇళ్ళకు కలిపి ఒక పాత ఫ్రిజ్ ఉంటుంది. అందరికీ కలిపి ఒక ఆరోగ్య కేంద్రం, అందులో పసిపిల్లల టీకాల ఫ్రిజ్. వేసవి మొదట్లోనే అది ఆగిపోయింది. చిల్లు స్పానరమ్మ మూసింది. నింపడానికి గ్యాసు లేదు. అప్పటినుంచి రోజూ సాయంత్రం టీకాల డబ్బా మోసుకుని గుట్ట దిగి మావయ్య ఇంటికి వస్తుంది, పొద్దున్నే మళ్ళీ మోసుకెళుతుంది. అత్తయ్య తన ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసి ఇచ్చింది. గుట్టకు వాటా వస్తే ఆ మోత తప్పుతుంది. రాకపోతే, డబ్బా ఎండలో ఏదో ఒకరోజు వేడెక్కి టీకా చెడుతుంది, సూది పడ్డ పిల్లకు రక్షణ మాత్రం ఉండదు. వ్యవహారం అంతే.

సంఘం సమావేశంలో మావయ్య గొంతు సవరించుకున్నాడు. "గొడవలొద్దు. శాస్త్రీయంగా పోదాం. ఆ మూడేళ్ళలో ఏ దుకాణం ఎంత వాడిందో, ఇప్పుడు అంత నిష్పత్తిలో వాటా."

స్పానరమ్మ లేచింది. "గురువుగారూ, అప్పుడు మాకు కరెంటే లేదు కదండీ."

"అందుకే కదమ్మా నీకు చరిత్ర లేదు."

"చరిత్ర లేదు గానీ ఫ్రిజ్‌లున్నాయి."

వెనకనుంచి ఎవరో అన్నారు: "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి!" గదంతా నవ్వింది.

ఆమె నవ్వలేదు. "సరే, కొమ్ములనే అనుకోండి. మీ చెవుల వాటా ఎక్కడికి పోతోందో చెప్పమంటారా? సగం సినిమా హాలు మింగుతోంది."

ఆ సంగతి అందరికీ తెలుసు. పైకి అనకూడదని కూడా అందరికీ తెలుసు. ఊళ్ళో పెద్ద సినిమా హాలు ఏసీ బాధ్యత మావయ్యదే. దాని గొట్టంలో ఎక్కడో చిల్లుంది. చిల్లు పట్టుకుని మూయాలంటే హాలు కొన్నాళ్ళు మూసేయాలి, యజమాని ఒప్పుకోడు. అందుకని మావయ్య నెలనెలా వెళ్ళి పోయినంత గ్యాసు మళ్ళీ నింపి వస్తాడు. చిల్లును పూడ్చడం కాదది, పెంచి పోషించడం. బదులుగా ప్రతి కొత్త సినిమాకూ బాల్కనీలో ముందు వరస ఆయనది. "హిమవంతుడు గారొచ్చారు, దారివ్వండి" అని యజమాని స్వయంగా అంటాడు. రేకుల గదిలో పెరిగినవాడికి ఆ మాట ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన క్షమించాలని ఎక్కడా రాసిలేదు.

"అది ప్రతిష్ఠాత్మక సంస్థ" అన్నాడు మావయ్య. "చేతులెత్తండి."

పాత దుకాణాలే ఎక్కువ; చేతులూ వాళ్ళవే లేచాయి. గుట్టకు వాటా సున్న. దయతలచి, "ఎవరికైనా మిగిలితే చూద్దాం" అన్న వాక్యం ఒకటి చేర్చారు. దేశాల సభలో ఆ చిన్న దేశానికి ఇచ్చిన వాక్యం కూడా ఇదే. తర్జుమా అవసరం లేకుండానే మా టైర్ల కొట్టు పైకి నడిచొచ్చింది.

ఆ సాయంత్రం మావయ్య నన్ను పిలిచాడు. "లాయరమ్మా, ఈ తీర్మానాన్ని రేపు ఎవడూ కదపలేనట్టు చట్టం భాషలో రాసిపెట్టు."

"రాయను. స్పానరమ్మ తరఫున నీమీద ఫిర్యాదు రాస్తాను."

"మేనమామ మీదా!"

"మేనమామకు ప్రత్యేక మినహాయింపు లేదు."

"చూశావా, చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినందుకు ఇదీ!" అని అత్తయ్యకు మొరపెట్టుకున్నాడు.

"ఎత్తుకుని తిప్పినప్పుడు కూడా మీ చొక్కా తడిపింది. మీరే పట్టించుకోలేదు" అంది అత్తయ్య.

వాటాలు అమల్లోకి రాబోతుండగా, ఒక సాయంత్రం అధికారి ఫోన్ చేశాడు. మావయ్య స్పీకరు పెట్టాడు, అంత పెద్దమనిషి తనకు ఫోన్ చేశాడని ఇంటిల్లిపాదీ వినాలి కదా. ఆ పూట అందరూ ఉన్నారు: నేను బల్ల దగ్గర, అత్తయ్య వంటింటి గుమ్మంలో, టీకాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని స్పానరమ్మ అరుగు మీద.

"ఒక చిన్న మార్పు" అన్నాడు అధికారి. "ఊళ్ళ మధ్య వాటాలు మళ్ళీ లెక్కకట్టారు. రాజధాని వాళ్ళు ఆ మూడేళ్ళలో మీకన్నా చాలా ఎక్కువ వాడినట్టు చూపించారు. కాబట్టి మీ ఊరి వాటాలో ఇంకో సగం అటు పోతుంది."

మావయ్య మొహం కంప్రెసర్‌లా వేడెక్కింది. "ఎక్కువ వాడారా? ఎక్కువ ఊదారు సార్! వాళ్ళ బుస్సులు మాకు తెలీదా?"

"నిబంధన నిబంధనే. మీకు న్యాయం జరగాలనే నా కోరిక కూడా" అని ఫోన్ పెట్టేశాడు.

మావయ్య గదిలో అటూ ఇటూ తిరిగాడు. "అమ్మాయ్, పెన్ను తియ్యి. మంత్రికి రాద్దాం." నేను తీశాను. ఆయన ఆగకుండా చెప్పుకుపోయాడు. "నిన్న ఎక్కువ వాడాడు కాబట్టి ఇవాళ కూడా వాడికే ఎక్కువంటే, ఇది పంపకమా, దోపిడీకి పింఛనా? మాకు అవకాశం లేక తక్కువ వాడాం, అవసరం లేక కాదు. చిల్లుల్లోంచి గాలికి పోయేదాన్ని వాడకం అంటారా? ఎవరింట్లో ఎన్ని గొంతులున్నాయో చూడండి, ఎవరి గొట్టం ఎంత లావో చూడకండి. మిగిలితే చూద్దామంటారా? న్యాయమంటే మిగిలినది కాదు, ముందుగా తీసిపెట్టేది..."

అక్కడ ఊపిరి కోసం ఆగాడు. నిజంగా బాగా చెప్పాడు. మెచ్చుకోకూడదనుకుంటూనే నేను ఒక్క ముక్క కూడా దిద్దలేదు.

అరుగు మీదనుంచి స్పానరమ్మ నెమ్మదిగా అంది: "చాలా బాగుంది గురువుగారూ. నాకో కాపీ ఇప్పించండి."

మావయ్య అరుగు వైపు తిరిగాడు. వంటింట్లో ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటోంది.

"ఎందుకు?" అన్నాడు మావయ్య, ఎందుకో తెలిసిన మనిషి అడిగినట్టు.

"సంఘం అధ్యక్షుడికి ఇచ్చుకోవడానికండి. పైన పేరొక్కటి మార్చుకుంటాను, మిగతాదంతా సరిపోతుంది." డబ్బా తీసుకెళ్ళి తనకిచ్చిన అరలో పెట్టి, తలుపు జాగ్రత్తగా మూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మావయ్య నామీద పడ్డాడు. "నువ్వే చెప్పించావు!"

"నాకు అంత చక్కగా రాదు మావయ్యా."

"అది వేరు, ఇది వేరు. రాజధానివాళ్ళు దొంగలెక్కలు చూపించారు."

"మనం?"

"మనం... దేశం కోసం చూపించాం."

"సినిమా హాలు ఏ దేశంలో ఉందండీ?" అంది అత్తయ్య.

మావయ్య అన్నం తినలేదు. తినకపోవడం పశ్చాత్తాపమని నేను రాయను. నా మట్టుకు అది అవమానం. తన ప్రసంగం అరుగు మీద కూర్చున్న శిష్యురాలికి తనకన్నా బాగా అతికిందన్న అవమానం. న్యాయం మనిషిలోకి ఏ తలుపునుంచి దూరితేనేం అనుకునే ఓపిక నాకు లేదు. కానీ ఆయనలో ఉన్న తలుపు అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం ఆట మొదలయ్యేముందు సంచీ భుజాన వేసుకుని సినిమా హాలుకు వెళ్ళాడు. సాక్షిగా నేనూ వెళ్ళాను. యజమాని ఎదురొచ్చాడు.

"రావయ్యా హిమవంతుడూ! లోపల ఉక్కగా ఉందని జనం గోల. గ్యాసు తెచ్చావా?"

"తేలేదు. సబ్బు తెచ్చాను."

"సబ్బా?"

"నురగ పూసి గొట్టమంతా వెతకాలి. బుడగ లేచిన చోట చిల్లు. కోసి, అతికి, మళ్ళీ పరీక్ష చెయ్యాలి. అప్పటిదాకా హాలు మూసెయ్యండి."

"వేసవిలో హాలు మూస్తానా? మతి పోయిందా? ఇంకొకణ్ణి పిలుస్తాను."

"పిలవండి. వాడు నింపాలన్నా గ్యాసు సంఘమే ఇవ్వాలి. కారే గొట్టానికి ఇకమీద సంఘం ఇవ్వదు."

"నిన్నటిదాకా నువ్వే కదయ్యా పోశావు!"

"పోశాను. గాడిద పని చేశాను." చుట్టూ చూసి, నామీద చూపు పడగానే గొంతు పెంచాడు. "ఇంతకీ రాజధానివాళ్ళ మీద కేసు వెయ్యాలి. మన గొట్టం కారుతుంటే వాళ్ళ గొట్టాన్ని ఎలా అంటాం? రేపు ఈ చిల్లు మా లాయరుకు అడ్డం రాకూడదు."

ఆ సాయంత్రమే సంఘం గదిలో అందరినీ పిలిచాడు. చేతులెత్తమనలేదు, ఎత్తితే ఓడిపోతానని ఆయనకు తెలుసు. గరిటె తన చేతిలో ఉన్నంతకాలం వడ్డన ఇలాగే ఉంటుందనీ, నచ్చనివాళ్ళు వచ్చే నెల తనను దించుకోవచ్చనీ అన్నాడు. వాళ్ళు దించుతారు కూడా. అప్పటికే వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ఆయన పట్టించుకోకుండా నిర్ణయం చదివాడు: పాత వాడకం లెక్క రద్దు, ముందుగా ఆసుపత్రులకూ ఆరోగ్య కేంద్రాలకూ తీసిపెట్టాలి, మిగిలింది ఏ దుకాణం కింద ఎన్ని ఇళ్ళున్నాయో చూసి పంచాలి, చిల్లు మూయని గొట్టానికి చుక్క ఇవ్వకూడదు. ఆ లెక్కన గుట్టమీది దుకాణం వాటా హిమవంతుడి దుకాణం వాటాకన్నా ఎక్కువ తేలింది. మొదటి సిలిండరు తనే దించి, స్పానరమ్మ ముందు పెట్టాడు.